బిగింపు సారూ, బిగించని మూతా

యాంటెన్నాల ల్యాబు,
రెండో అంతస్తు, కిటికీ లేని గది.

కొండెక్కి కూర్చున్న మరదలు పిల్లకి,

నీ వదిన కుర్చీలోంచి లేవకుండానే దీవిస్తోంది, అందుకో.

ఏరి కోరి ఫోన్లు గేటు దగ్గరే లాక్కునే చోట ఉద్యోగం సంపాదించావు చూడు, నీ తెలివికి జోహార్లు. మీ కొలతల గదికి బయటి సిగ్నల్ గాలి కూడా సోకకూడదట. అందుకని ఇంత బతుకూ బతికి నేను మళ్ళీ కాగితం, కలం పట్టాను. సామాన్ల వాను వారానికోసారి కొండెక్కుతుంది కాబట్టి నిన్ను వారానికోసారే తిట్టగలను. అదొక్కటే నీ అదృష్టం.

ఈసారి వానులో రెండు వస్తున్నాయి. ఒకటి అపురూపమైనది, రెండోది ప్రమాదకరమైనది.

అపురూపమైనది నా హారన్ యాంటెన్నా. లాంచీ రేవు వాళ్ళు రాడార్ అడిగారని చెప్పాను కదా. పొగమంచు దిగితే లాంచీ కదలదు. ఆసుపత్రి అవతలి ఒడ్డున, జనం ఇవతలి ఒడ్డున. లాంచీ నడిపే సరంగు గది పైకప్పు మీద దీపానికీ గంటకీ మధ్య కాస్తంత చోటుంది, యాంటెన్నా అక్కడే ఇమడాలి. పాత హారన్ మూరెడు పొడుగు, బూరలా ఉంటుంది. నాది అరచేతిలో పడుతుంది. అలాగని పని తగ్గకూడదు. నీళ్ళ మీద పక్కపక్కన ఉన్న రెండు వస్తువులు ఒకే ముద్దలా కనపడితే సరంగుకి ఏం ఒరుగుతుంది? వాటిని విడదీసి చూపాలంటే బ్యాండు, అంటే అది పలికే ఫ్రీక్వెన్సీల మేర, వెడల్పుగా ఉండాలి. ఆ చివర నుంచి ఈ చివరి దాకా ఎక్కడా నీరసపడకుండా ఒకే జోరుగా పాడాలి. కురచ హారన్‌తో అంత వెడల్పు రాబట్టడానికి నేను పడ్డ పాట్లు మీ అన్నయ్యకే తెలుసు. ఆయన నాతో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది, నేను వినడం లేదని.

ఇలాంటిది మీ దగ్గరికి ఇదివరకు రాలేదు కాబట్టి ఒక్క ముక్క చెబుతాను, విను. మామూలు వేవ్‌గైడ్ అంటే తరంగాన్ని హారన్ దాకా నడిపించే లోహపు గొట్టం. రెండు సగాలుగా చెక్కి, వెంట్రుకంత సందు కూడా లేకుండా కలిపి బిగించాలి. సందుంటే తరంగం కారిపోతుంది. నాది గ్యాప్ వేవ్‌గైడ్. కింది పలక మీద దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా పిన్నులుంటాయి. మూతలా ఉండే పైపలక వాటిని తాకదు, మధ్యలో గాలి. పిన్నుల ఎత్తూ, వాటి పైన గాలి మందమూ సరిగ్గా కుదిరితే తరంగం పక్కకి జారుకుందామన్నా దారి దొరకదు. నేను గీసిన గాడి వెంటే బుద్ధిగా నడిచి హారన్ నోట్లోంచి బయటికొస్తుంది. తాకకుండా ఉంటేనే అది పనిచేస్తుంది. దాని అందమంతా అందులోనే ఉంది.

ఇక ప్రమాదకరమైనది. మా మెకానికల్ సెక్షన్ ఇంజనీరు. మేమంతా బిగింపు సారు అంటాం. గట్టిగా బిగించనిది ఏదీ అతికినట్టు కాదని ఆయన నమ్మకం. క్యాంటీన్‌లో ఆయన మూత పెట్టిన సీసా ఆయనే వచ్చి తీయాలి. ఒకసారి మా ఇంటికొచ్చి, గొళ్ళెం వదులుగా ఉందని ఉపకారం చేసి వెళ్ళాడు. ఆ తలుపు తీయడానికి మీ అన్నయ్య పళ్ళు పీకే పట్టకారు తేవాల్సి వచ్చింది. అలాంటి మనిషిని నా గ్యాప్‌కి తోడిచ్చి పంపుతున్నారు డైరెక్టరు గారు! స్టాండు మీద హారన్ని నిలబెట్టడం ఆయన పని. స్క్రూడ్రైవరు నీ దగ్గర పెట్టుకో. అడిగితే ఇవ్వకు. ఏడిచినా ఇవ్వకు.

ఇది తేడా వస్తే లాంచీ వాళ్ళు మళ్ళీ మన గడప తొక్కరు. నన్ను వాడుక పుస్తకాలు రాసే సెక్షన్‌లోకి మారుస్తానని డైరెక్టరు గారు నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వుతూ అన్నవన్నీ జరుగుతాయి.

మీ అన్నయ్య కులాసా. రోజంతా జనం నోళ్ళలోకి చూసీ చూసీ, అన్నం దగ్గర నేను ఆవులించినా వంగి చూస్తున్నాడు.

నీ వదిన

*

కొండ మీది కొలతల కేంద్రం,
క్వార్టర్లలో చివరి గది.

వదినా,

హారన్ చేరింది. ఆయనా చేరారు.

నువ్వు రాసింది చదివి, చంకలో పానాతో ఓ ఎలుగుబంటి దిగుతుందనుకున్నాను. దిగింది సన్నగా, పొడుగ్గా, పాపం కొండదారి మలుపులకి మొహం పాలిపోయిన మనిషి. దారి పొడుగునా నీ పెట్టెని ఒళ్ళోంచి దించలేదట. డ్రైవరు చెప్పాడు.

కొలతలు తీశాం. మంచి మాట ముందు చెబుతాను. బ్యాండు కింది కొసన, పై కొసన నీ హారన్ బంగారం. ఇంత చిన్న దాంట్లోంచి ఇంత జోరా అని మా పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. చెడ్డ మాట ఏమిటంటే, సరిగ్గా నడుమ గ్రాఫు ధబాల్న గుంటలో పడి మళ్ళీ లేచింది. తిప్పి పెట్టి చూశాం, కేబుళ్ళు మార్చి చూశాం. గుంట కదల్లేదు.

ఆయన నీకొక మాట చెప్పమన్నారు. స్టాండుకి బిగిస్తూ, అలవాటు కొద్దీ మూత స్క్రూలు కూడా కాస్త తిప్పేశానేమో అన్నారు. నేను చూశానా అంటే చూడలేదు. మనిషి మంచివాడిలా ఉన్నాడు, మరీ కోప్పడకు.

ఇక్కడ చలి బాగా ఉంది. అన్నయ్యని అడిగానని చెప్పు. తొందరలో ఉన్నాను, ఉంటాను.

నీ మరదలు

*

ల్యాబు.

మరదలా,

కాస్త తిప్పేశాడా? కాస్త!

ఆ మాట చదివి నేను వేసిన కేకకి పక్కగదిలో టంకం పెడుతున్న వాళ్ళు వేళ్ళు కాల్చుకున్నారు. నా నెలల కష్టం ఆ నట్టు బుర్ర చేతి తీటకి బలైపోయింది. మూత వంగి పిన్నులకి తగిలుంటుంది. తగిలిందంటే ఇక అది గ్యాప్ వేవ్‌గైడ్ కాదు, పప్పుగుత్తి. స్క్రూడ్రైవరు నీ దగ్గర పెట్టుకోమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా? నువ్వేం చేస్తున్నావు, కొండ అందాలు చూస్తున్నావా?

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాను. ఈ ప్రాజెక్టులో ఆయన ఉండాలో నేనుండాలో తేలిపోవాలి. అసలు ఆ మనిషిని రేవులో నిలబెడితే నది రెండు ఒడ్లనీ దగ్గరికి లాగి బిగించేస్తాడు, లాంచీతో పనే ఉండదు.

హారన్ని వెనక్కి పంపు. ఆయన్ని పంపకపోయినా ఫరవాలేదు.

నీ వదిన

తా.క. నా తిట్లు ఆయనకి చెప్పకు. నేనే స్వయంగా చెబుతాను, ఆ సరదా పాడుచేయకు.

*

కొండ మీద.

వదినా,

నువ్వు తొందరపడుతున్నావు.

బిగించేశానన్నది ఆయన అనుమానం మాత్రమే. అనుమానాన్ని ఒప్పుకోవడం పెద్దమనిషి లక్షణం కాదూ? నేనైతే ఒప్పుకునేదాన్నే కాదు. పైగా ఆయన అన్నీ బిగించరు. ఏది బిగించాలో తెలిసినవాడు. నా గది కిటికీ గాలికి రాత్రంతా తలబాదుకునేది. చిన్న చెక్క ముక్క చెక్కి ఇరికించారు, అంతే, నోరెత్తితే ఒట్టు. కొలతల గదిలో కుర్చీ కిర్రుమనడం కూడా మాన్పించారు. పనిచేస్తున్నంతసేపూ సన్నగా ఈల వేస్తారు. రాగం తప్పుతుంది. తప్పిందని తెలిసి అక్కడే ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకుంటారు. ఎడమ చెవి కుడి చెవి కంటే కొంచెం పెద్దది. నేను చూడలేదు, కనపడింది.

డైరెక్టరు గారి దగ్గరికి ఇప్పుడే వెళ్ళకు. ముందు హారన్ విప్పి చూడు. తప్పెవరిదో తెలియకుండా ఒకరి ఉద్యోగం మీదికి తేవడం నీ పద్ధతి కాదని నాకు తెలుసు.

పెట్టె, ఆయన, ఇదే వానులో వస్తున్నారు. దారిలో తినడానికి నేనేమీ కట్టి ఇవ్వలేదు. ఎవరైనా అలా చెబితే నమ్మకు.

నీ మరదలు

*

ల్యాబు. భోజనాల వేళ.

ముద్దుల మరదలికి,

హారన్ విప్పాను. పలచటి రేకుముక్కలు దూర్చి గ్యాప్ చుట్టూ కొలిచాను. ఎక్కడ చూసినా నేను ఉంచినంతే ఉంది. మూత వంగలేదు, పిన్నులకి తగల్లేదు. చిత్రంగా లేదూ? అంత బలంగా బిగించిన మనిషి, ఆనవాలు కూడా మిగల్చకుండా ఎలా బిగించాడో!

అయినా నా కోపం తగ్గలేదు. ఒప్పుకున్నాడు కదా, చాలు. డైరెక్టరు గారికి చెప్పేశాను. ఆయన్ని స్టోర్లకి మారుస్తారట. ఇకమీదట పొద్దస్తమానం మేకులు, మరలు రకాలుగా వేరుచేసి డబ్బాల్లో పోసుకుంటూ కూర్చుంటాడు. కొండ మీదికి రావలసిన పని ఇక ఉండదు. నీకు పీడ విరగడైంది, నన్ను మెచ్చుకోవాలి మరి.

ఇంతవరకు ఏ మగాడి చెవుల కొలతలూ నువ్వు నాకు రాయలేదు. కొలతల కేంద్రంలో పనిచేస్తున్నావు కాబట్టి అలవాటైపోయిందనుకుంటాను.

మీ అన్నయ్య అడిగాడు, కుర్చీ కిర్రుమనకపోతే పనివేళ నిద్ర బాగా పడుతోందా అని.

నీ మంచి కోరే వదిన

*

కొండ మీద.

వదినా,

డైరెక్టరు గారి దగ్గరికి పరుగెత్తు. ఈ ఉత్తరం చేతిలో పడ్డ నిమిషాన పరుగెత్తు. చెప్పులేసుకోకపోయినా ఫరవాలేదు.

హారన్ని పడేసింది నేను.

ఆయన అప్పటికింకా దాన్ని ముట్టుకోనే లేదు. పెట్టెలోంచి నేనే తీశాను, నీ వస్తువు కదా అని ఎవరినీ రానివ్వకుండా. చేతి తొడుగులు కొత్తవి, నున్నగా ఉన్నాయి. ఎలా జారిందో తెలీదు, మూల మీద పడింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. నేను అక్కడే నేలమీద కూలబడ్డాను.

ఆయన వచ్చి ముందు హారన్ని కాదు, నన్ను లేపారు.

"దెబ్బ తగిలిందా?"

"హారన్‌కి తగిలింది."

"మీకు అని అడుగుతున్నాను."

"మా వదిన నన్ను చంపేస్తుంది."

"మిమ్మల్ని చంపితే తర్వాత ఆవిడే ఏడుస్తారు. నన్నయితే చాలా రోజులుగా చంపాలనే ఉన్నారు కదా, చేతికి దొరికితే సంతోషిస్తారు. నేను బిగించానని చెప్పండి. ఎవరూ మారు ప్రశ్న వేయరు."

నేను వద్దన్నాను. చాలాసార్లు అనలేదు, ఒకసారే అన్నాను, అదీ మెల్లగా. అదే నాకు సిగ్గుగా ఉంది. స్క్రూ తిప్పి వస్తువు పాడుచేశానని ఒప్పుకోవడమంటే ఆ మనిషికి ఎంత నామోషీయో నీకు తెలుసు కదా. నొక్కు పడ్డ మూలని ఆకురాయితో రుద్ది సాపు చేశారు. అప్పుడు కూడా ఈల వేశారు, నేను ఏడవకుండా ఉండాలని.

నన్ను ఏమన్నా అను. ఉద్యోగం తీయించినా సరే. ఆ మనిషిని డబ్బాల్లో మేకులు పోసుకునేలా చేయకు.

నీ మరదలు

*

ల్యాబు.

నా పిచ్చి మరదలికి,

ముందు కళ్ళు తుడుచుకో. ముక్కు కూడా.

ఆయన స్టోర్లకి పోలేదు. పక్క బల్ల దగ్గరే ఉన్నాడు, ఈలతో సహా. డైరెక్టరు గారికి నేను ఒక్క ముక్క చెబితే ఒట్టు.

హారన్ వెనకవైపు చిన్న చీటీ అంటించి పంపాను. దెబ్బ తగిలితే దాంట్లో సన్నటి గొట్టం ఎర్రబడుతుంది. మీరిద్దరూ ఎంతో తెలివిగా దాని మీద మీ కేంద్రం 'తనిఖీ అయింది' చీటీ అంటించి పంపారు. అదీ కాస్త వంకరగా. బిగింపు సారు అంటించిన చీటీ వంకరగా ఉంటుందా? నీ చెయ్యేనని అప్పుడే అనుకున్నాను. గోటితో పీకి చూస్తే కింద ఎర్రగా నవ్వుతోంది.

అలా తెలిశాకే నీకు ఆ స్టోర్ల కథ రాశాను. తిడితే నువ్వు ఎంత దాకా వెనకేసుకొస్తావో చూద్దామని. బాగానే వెనకేసుకొచ్చావు.

ఇంకా నవ్వొచ్చే సంగతి ఉంది. నువ్వు పడేసినందుకు ఆ హారన్‌కి ఏమీ కాలేదు. పైపలక కాస్త పక్కకి జరిగింది, అంతే. మామూలు గొట్టమైతే అతుకు విడిపోయి అల్లరయ్యేది. ఇందులో రెండూ తాకి ఉండవు కాబట్టి కాస్త జరిగినా తరంగానికి పట్టదు. నువ్వు ఏడ్చింది దండగ. ఆయన అబద్ధమాడింది దండగ. నేను కేకలేసింది మరీ దండగ.

అయితే ఆ గుంట ఎక్కడిది? నేను తల బద్దలు కొట్టుకుంటుంటే మీ అన్నయ్య టార్చి, నోట్లో పెట్టే చిన్న అద్దం తెచ్చుకుని పిన్నుల మధ్య చూడటం మొదలెట్టాడు. "నోరు తెరిచి 'ఆ' అనమను" అన్నాడు హారన్‌ని. నేను నవ్వలేదు. చాలాసేపు చూసి, "పుచ్చులేం లేవు గానీ, ఈ మూల వెనకవైపు వరసలు లేవేం? మిగతా చోట్ల ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, ఇక్కడ ఒకటే ఉంది" అన్నాడు.

"నేనే పీకేశాను" అన్నాను.

"ఎందుకు?"

"చోటు చాల్లేదు."

ఆ మాట నా నోటితో నేనే విన్నాక అర్థమైంది. గాడి మలుపు తిరిగి హారన్ గొంతులోకి ఎక్కే మూల అది. ఇంకొంచెం చిన్నది చేయాలన్న ఆశతో అక్కడ ఒక్క వరసే ఉంచాను. ఒక్క వరస ఆపలేకపోయింది. తరంగం వెనక్కి జారి, అక్కడున్న ఖాళీలో పెట్టె గోడకి కొట్టుకుంటూ తిరిగింది. సరిగ్గా బ్యాండు నడుమ ఆ ఖాళీ దానికి ఊయలలా కుదిరింది. లెక్క త్వరగా తేలాలని మోడల్‌లో ఆ మూల అవతల ఏమీ లేనట్టు గీసుకున్నాను. అందుకే నా కంప్యూటర్‌లో గుంట కనపడలేదు.

నిజం చెప్పనా? ఎర్రచీటీ చూసినప్పుడు నాకు కోపం రాలేదు. హాయిగా ఊపిరి తీసుకున్నాను. 'అమ్మయ్య, తప్పు నాది కాదు' అని. ఆ గుంట సంగతి నాకు లోపల ఎక్కడో అనుమానంగానే ఉంది. ఒకసారి బిగింపు సారు మీదికి, ఒకసారి నీ మీదికి తోసేసి, నా లెక్క తెరిచి చూసుకోకుండా తిరిగాను. చూస్తే తప్పు కనపడుతుందని భయం. నువ్వు మెల్లగా ఒకసారే వద్దన్నావు. నేను ఆ మాత్రం కూడా అనలేదు.

కొత్త పలక చెక్కిస్తున్నాను. పిన్నులు పూర్తిగా పెట్టి, హారన్ గొంతులో మెట్లని కొంచెం కుదించాను. చుట్టుకొలత పెరగలేదు, నా గర్వమే తరిగింది. అది తీసుకుని పైవారం ఎవర్ని పంపమంటావు? వేరే వాళ్ళూ ఉన్నారు మరి.

నీ వదిన

*

కొండ మీద.

వదినా,

ఈ మాట ఎలా రాయాలో తెలియడం లేదు. కొత్త హారన్ పెట్టి కొలిచాం. నడుమ మళ్ళీ గుంట. మొదటిదాని కంటే లోతు. మా పెద్దాయన లేచి వెళ్ళిపోయారు.

...

గుండె ఆగిందా? కాసేపు ఆగనీ. స్టోర్లకి పంపేశానని నువ్వు రాసిన వారం నేను తిండి తినలేదు.

గుంటా లేదు, గొయ్యీ లేదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా పరిచిన దుప్పటిలా ఉంది గ్రాఫు. కాగితం జత చేశాను, మీ కిటికీ లేని గదిలో కిటికీకి బదులు తగిలించుకో. పెద్దాయన లేచి వెళ్ళిన మాట మాత్రం నిజం, పక్క విభాగం వాళ్ళని పిలుచుకొచ్చి చూపించడానికి.

పెట్టె ఈసారి ఆయనే తీశారు. నేను దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఒకసారి పట్టుకోండి" అని నా చేతికిచ్చారు. వద్దంటే వినరే! "పడినా ఏమీ కాదని తేలిందిగా" అన్నారు.

నీ ఉత్తరాల్లో తిట్లన్నీ ఆయనకి చదివి వినిపించాను. మొదట్నించీ, ఒక్కటి కూడా వదలకుండా. నా పగ అలా తీర్చుకుందామనుకున్నాను. ఆయన భోజనం ఆపి శ్రద్ధగా విన్నారు. "నట్టు బుర్ర అన్నచోట ఇంకోసారి చదవండి" అని అడిగి మరీ చదివించుకున్నారు. రెండు ఒడ్లనీ లాగి బిగించే మాట దగ్గర కాసేపు ఆలోచించి, "తాడు చాలదు" అన్నారు. ఇలాంటి మనిషితో ఎలా పోట్లాడాలో నువ్వే చెప్పు.

ఆయన నీతో ఏదో మాట్లాడాలంటున్నారు. నాకేం తెలీదు.

నీ మరదలు

*

లాంచీ రేవు,
టికెట్ల గది అరుగు మీద.

ఏమీ తెలియని మరదలికి,

నీ గుంట వాక్యం దగ్గర నేను నిజంగానే కుర్చీలో కూలబడ్డాను. మీ అన్నయ్య నీళ్ళు తెచ్చి, కింద మిగిలింది చదివి, నన్నలాగే వదిలేసి పడీ పడీ నవ్వాడు. మీ ఇంటి రక్తమంతా ఇంతే. సరే, చెల్లుకు చెల్లు.

ఈ పొద్దున్న రేవు మీద మంచు ఎలా దిగిందంటే, చెయ్యి చాస్తే వేళ్ళు కనపడలేదు. రేవు మీద జనం. చేతిసంచితో ఓ నర్సు, పరీక్ష కాగితాల కట్టతో ఓ పంతులమ్మ, గంపలో కోళ్ళతో ఓ ముసలాయన, కడుపుతో ఉన్న కూతుర్ని భుజానికి ఆనించుకుని ఓ తల్లి. లాంచీ కదలదని తెలిసీ ఎదురుచూస్తున్నారు. వాళ్ళని రేవు మీదే ఉంచి, మమ్మల్ని మాత్రం ఎక్కించుకున్నాడు సరంగు. ఎక్కించుకోవడం కూడా ఇష్టం లేకుండానే. హారన్ దీపానికీ గంటకీ మధ్య కూర్చుంది. మీ ఆయన, సారీ, బిగింపు సారు దాన్ని ఎంత ఒద్దికగా నిలబెట్టాడో చూసి నాకే ముచ్చటేసింది.

నది మధ్యకి వెళ్ళాం. చుట్టూ తెల్లటి గోడ. రాడార్ తెర మీద రెండు చుక్కలు వెలిగాయి, పక్కపక్కనే.

"అక్కడ గుంజ ఒక్కటే ఉంటుంది" అన్నాడు సరంగు. "నా చిన్నప్పట్నించీ ఉంది. మీ పెట్టెకి కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి."

"రెండు కనపడుతున్నాయండీ" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినపడలేదు.

ఆయన విసుక్కున్నాడు గానీ, జోరు తగ్గించి చుక్కాని పక్కకి తిప్పాడు. అప్పుడు మంచులోంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి ఓ గొంతు లేచింది. "ఎవడ్రా అది, మీద మీదకి! కళ్ళు లేవా?"

గుంజకి పడవ కట్టుకుని, మంచు తేలేదాకా అని పడుకున్నాడట ఓ జాలరి. అతని పడవ మా లాంచీ పక్కనుంచి నీడలా జారిపోయింది. పడవలో ఎర్రటి దుప్పటి కూడా చూశాను.  సరంగు మొహం తుడుచుకుని లాంచీని మెల్లగా వెనక్కి తిప్పాడు.

రేవులో దిగాక బిగింపు సారు నా పక్కన నిలబడి ఆ కాలు మీద ఈ కాలు, ఈ కాలు మీద ఆ కాలు వేశాడు.

"మేడమ్, మీ మరదలు గారి విషయం..."

"అది నన్ను అడిగితే ఏం లాభం? దాన్ని అడగండి."

"అడిగానండీ."

"ఏమంది?"

"సరేనన్నారండీ. హారన్ కొలవకముందే అన్నారు. కానీ తనకి చెప్పకుండా ఒప్పుకున్నానని తెలిస్తే వదిన ఊరుకోదు, వెళ్ళి కొత్తగా అడుగుతున్నట్టు అడగండి అన్నారు. నాకు నటించడం రాదండీ."

'నాకేం తెలీదు' అని రాస్తావా? నీకేం తెలీదా! దిగి రా, నీ పని చెబుతాను. సెలవు పెట్టి వచ్చే వానులో దిగు. ఆ మనిషి మంచివాడు. నేను ముందే కనిపెట్టాల్సింది, తిట్టే హడావిడిలో తీరిక చిక్కలేదు. మీ అన్నయ్యకి నేనే చెబుతాను.

ఇదంతా టికెట్ల గది అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం ఇక్కడితో ముగిద్దామనుకుంటుండగానే సరంగు లాంచీ అంచు మీదికొచ్చి నిలబడ్డాడు. మంచు ఇసుమంతైనా తేలలేదు. జనం వైపు తిరిగి, "ఎక్కేవాళ్ళు ఎక్కండి. మంచులోనే పోతాం" అని అరిచాడు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట ఆ తల్లి కూతుర్ని నడిపించుకుంటూ ఎక్కింది. వెనకే నర్సు, పంతులమ్మ, కోళ్ళ గంప.  ఆగండి, ఇది పరీక్షే, ఇంకా లెక్కలు చూసుకోవాలి, ఒక్కసారి సరిగ్గా చూపినంత మాత్రాన ఎలా అని కేక వేద్దామని లేచాను కూడా. సరంగు నన్నే చూస్తున్నాడు.

"ఏమ్మా, పోవచ్చునా?" అన్నాడు.

ఆ రెండు చుక్కలూ తలుచుకున్నాను. కొత్త పలక లెక్క, ఈసారి ఏ మూలా దాచకుండా చేసింది, మొదట్నించి చివరిదాకా ఓసారి మనసులో తిప్పాను.

"పోవచ్చు" అన్నాను.

అని ఒడ్డున నిలబడటం బావుండదు కదా. అందుకే ఈ నాలుగు ముక్కలూ లాంచీలో, కోళ్ళ గంప పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆ కడుపుతో ఉన్న పిల్ల నా భుజం మీద తల ఆన్చి నిద్రపోతోంది. బయట ఏమీ కనపడటం లేదు. లాంచీ ఒడ్డు వదిలింది.

నీ వదిన